బాపు రశీదుల డబ్బా

మా బాపు 2013లో పోయాడు. ఆయన పోయాక అన్నలిద్దరూ నేనూ కూర్చుని పంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎకరం తరి, రెండెకరాల చెలక, పెంకుటిల్లు, పాత సైకిలు. ఎవరమూ అడగకుండా అవ్వ దగ్గరే ఉండిపోయింది ఆయన రశీదుల డబ్బా. మూత దగ్గర తుప్పు పట్టిన రేకు డబ్బా అది. లోపల దారంతో కట్టిన కాగితాల కట్టలు. భూమి శిస్తు రశీదులు ఒక కట్ట, గ్రామపంచాయతీ ఇంటి పన్నువి ఒక కట్ట, కరెంటు మోటారువి ఇంకొకటి. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పంట అమ్మితే ఇచ్చే తక్‌పట్టీలు, పోస్టాఫీసు ముద్రలున్న రేడియో లైసెన్సు పుస్తకం, వాటన్నిటి అడుగున సైకిలుకు కట్టే పన్ను బిళ్ల. ఆ రోజుల్లో సైకిలు తొక్కినా పన్నే, ఇంట్లో రేడియో మోగినా పన్నే. బాపు అన్నీ కట్టాడు. కట్టిన ప్రతిదానికీ కాగితం దాచాడు.

మాది పరకాల దిక్కు పల్లె. నా చిన్నప్పుడు ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి పంచాయతీ పన్ను వసూలు చేసే కారోబార్ ఇంటింటికీ తిరిగేవాడు. పత్తి పైసలు, మిరప పైసలు అప్పటికే చేతికొచ్చి ఉంటాయని ఆయనకు తెలుసు. అరుగు మీద బాపు గొంగడి పరిచేవాడు. కారోబార్ కూర్చుని, చంకలోని రశీదు పుస్తకం తొడ మీద పెట్టుకుని, నీలి కార్బన్ కాగితం కిందికి జరిపి, కాపీయింగ్ పెన్సిల్ మొనను నాలుక మీద తడి చేసుకునేవాడు. పది ఇళ్లు తిరిగేసరికి ఆయన నాలుక వంకాయ రంగులోకి వచ్చేది. మేం పిల్లలం ఆ నాలుక చూడటానికే చుట్టూ మూగేవాళ్లం.

"ఎంత రాసిండో చదువు బిడ్డా" అనేవాడు బాపు. ఆయనకు సంతకం వరకే వచ్చు. నాలుగో తరగతిలో ఉన్న నేను గట్టిగా చదివేదాన్ని: ఇంటి నంబరు, ఇంటి పన్ను ఇంత, దీపాల పన్ను ఇంత, మొత్తం ఇంత. బడి పుస్తకం కాకుండా నేను చదివిన మొదటి తెలుగు అదే. బాపు తలూపి, రశీదును నాలుగు మడతలు పెట్టి, రుమాలు కొసకు ముడేసుకుని లోపలికి వెళ్లేవాడు. డబ్బా మూత తీసిన చప్పుడు అరుగు దాకా వినపడేది.

ఆ కాగితం విలువ ఏమిటో ఒకసారి కళ్లారా చూశాను. మా వాడకట్టులో ఉన్న ఒక్క వీధి దీపం పోయింది. వానాకాలం, చీకటి, పాములు. బాపు ఆ ఏటి రశీదు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని పంచాయతీ ఆఫీసుకు వెళ్లాడు. సర్పంచ్ ముందు బల్ల మీద రశీదు విప్పి పెట్టి, నన్ను ఆ ఒక్క వరుస చదవమన్నాడు. "దీపాల పన్ను" అని చదివాను. బాపు ఇంకేం మాట్లాడలేదు. మూడో రోజు బుగ్గ వెలిగింది. ఆ రాత్రి బాపు అన్నం తిని దాని కిందికి వెళ్లి నిలబడి వచ్చాడు. పన్ను కట్టినోడు అడగొచ్చు, అడిగితే చేయాలి. నాకు తెలిసిన పౌరశాస్త్రమంతా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే.

1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అది మా ఇంట్లో తెచ్చిన మార్పు ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. అంతకుముందు మాకు పొద్దున జొన్న గటక, రాత్రి మక్క గటక. ఎకరం తరిలో పండిన వడ్లు అప్పులకు పోయేవి. తెల్లన్నం పండుగకో, చుట్టాలొస్తేనో. మనిషికి ఐదు కిలోల లెక్కన ఇంటికి ఇరవై ఐదు కిలోలు ఇచ్చారు. మేం సరిగ్గా ఐదుగురం. కంట్రోల్ దుకాణం నుంచి మొదటిసారి బియ్యం తెచ్చిన రోజు అవ్వ పెద్ద గంజులో వండింది. చిన్నన్న కూర కోసం ఆగకుండా ఉత్త అన్నం ఉప్పేసుకుని తిన్నాడు. దొడ్డు బియ్యమే, కొంచెం ముక్క వాసనే. అయినా ఆ రాత్రి మా ఇంట్లో అందరం కడుపునిండా తెల్లన్నం తిని పడుకున్నాం. ఒక ప్రభుత్వం మారితే కంచంలో తిండి మారుతుందని నాకు పదకొండేళ్లప్పుడే తెలిసింది.

ఆ మరుసటి ఏడాది, 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. పొలం ఎవరి సాగులో ఉందో రాసే పహాణీ కాగితం కోసం పట్వారీ గడప ముందు చెప్పులు విడిచి నిలబడే రోజులు పోయాయని బాపు ఎంతో సంబరపడ్డాడు. 1985లో మండలాలు వచ్చాయి. ఆఫీసు దగ్గరికొచ్చింది.

కానీ రశీదుల డబ్బాలో ఎన్నడూ చేరని పన్ను ఒకటి ఉంది. దాని గురించి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

బాపు సారా తాగేవాడు. చెడ్డ మనిషి కాదు, కొట్టేవాడు కాదు. పొద్దంతా నాగలి వెనకో మోటకొట్టం దగ్గరో ఒళ్లు విరిగేలా పని చేసి, దీపాలు పెట్టే వేళకు ఊరి చివర దుకాణం దిక్కు నడిచేవాడు. అప్పటికి సారా ప్యాకెట్లలో వస్తోంది. వారుణి వాహిని అని దానికి చక్కని పేరు కూడా పెట్టారు. ఏటేటా సర్కారు సారా దుకాణాలు వేలం వేసేది. గుత్తేదారు పాట పాడుకుని, కట్టిన సొమ్ము రాబట్టుకోవడానికి ఊరూరికీ, చివరికి కూలీల చేల దగ్గరికీ ప్యాకెట్లు పంపేవాడు. మంచినీళ్ల బోరింగు పాడైతే నెలలు పట్టేది. సారా ఒక్క పూట కూడా ఆగలేదు.

అవ్వకు చదువు రాదు. కానీ లెక్క తప్పేది కాదు. పొయ్యి పక్కన గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. బాపు తాగి వచ్చిన ప్యాకెట్‌కు ఒక గీత. ఎన్ని తాగాడో అడిగితే బాపు దాచేవాడు కాదు, వేళ్లు చూపించేవాడు. నెలాఖరుకు ఆ గీతలు నాతో లెక్కపెట్టించేది.

ఏడో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఆ నెల ముప్పై రెండు గీతలు వచ్చాయి.

"ఒక్క ప్యాకెట్టు పైసలకు ఎన్ని కిలోల కంట్రోల్ బియ్యం వస్తయి?" అని అడిగింది.

"రెండు కిలోలు అవ్వా."

"గట్లయితే మొత్తం?"

"అరవై నాలుగు కిలోలు."

అవ్వ పొయ్యిలో కట్టె ముందుకు నెట్టింది. "సర్కారు మనకు ఇరవై ఐదు కిలోలిచ్చి, మన తాన అరవై నాలుగు కిలోలు తీసుకపోయింది" అంది. కోపంగా కూడా అనలేదు. బజారు నుంచి తెచ్చిన సరుకులు లెక్క చూసుకున్నట్టు అంది.

పెద్దయ్యాక తెలిసింది, ఆ లెక్క అంత సూటిగా ఉండదని. ప్యాకెట్ ధరలో గుత్తేదారు వాటా ఉంటుంది, దుకాణపోడి వాటా ఉంటుంది. కిలో బియ్యం మీద సర్కారు పెట్టే ఖర్చు కూడా రెండు రూపాయలకు ఎంతో ఎక్కువ. ఇవన్నీ నిజమే. అయినా ఆబ్కారీ సొమ్ము సర్కారు బొక్కసానికి ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. అది ఎవరి జేబుల్లోంచి వచ్చిందో అవ్వ గోడ మీద ఉంది. దసరాకు ఇంటికి సున్నం వేసినప్పుడు ఆ గీతలు చెరిగిపోయేవి. మళ్లీ మరునాటి నుంచి మొదలు.

డిగ్రీకి హనుమకొండ వచ్చాను. సుబేదారి కాలేజీలో చదువు, హాస్టల్లో ఉండటం. లైబ్రరీలో పరీక్షకు కావాల్సినవి వెతుకుతుంటే రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో ఇచ్చిన నివేదిక కనపడింది. ఫజల్ అలీ కమిషన్ అని మనం చెప్పుకునేది అదే. ఆంధ్ర రాష్ట్రంతో పోలిస్తే తెలంగాణకు డబ్బు కటకట తక్కువ అని అందులో రాశారు. కారణాలు రెండన్నారు. ఇక్కడ భూమి శిస్తు చాలా ఎక్కువ. రెండోది, ఆబ్కారీ మీద ఏడాదికి సుమారు 5 కోట్ల రాబడి. ఆంధ్రలో మద్రాసు రోజుల నుంచీ మద్యనిషేధం ఉండేది, ఇక్కడ లేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ మిగులు, అంటే ఖర్చులు పోగా మిగిలే రాబడి, తెలంగాణకే ఖర్చు చేయాలన్న మాట ఉంది. తెలంగాణలో మద్యనిషేధం ఎట్లా ఉండాలో ఇక్కడి ఎమ్మెల్యేలే నిర్ణయించాలన్న మాట కూడా అందులోనే ఉంది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం కాలేజీ పిల్లలు రోడ్ల మీదికి వచ్చినప్పుడు ఈ మిగులు నిధుల మీదే కుమార్ లలిత్ కమిటీ, భార్గవ కమిటీ లెక్కలు తీశాయి.

నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మిగులు మిగులు అని మనం గర్వంగా చెప్పుకునేదాంట్లో సగం కథ శిస్తు కట్టిన రైతులదీ, కల్లు సారా తాగిన కూలీలదీ. మా తాత శిస్తు కట్టాడు, సారా తాగాడు. మా బాపూ అంతే. రెండు చేతులా ఇచ్చింది వాళ్లే. ఆ డబ్బు ఎక్కడ ఖర్చయిందన్న దాని మీద కమిటీలు పడ్డాయి గానీ, అది ఎట్లాంటి ఇళ్లలోంచి వచ్చిందో ఏ కమిటీ అడగలేదు.

ఆ రోజుల్లోనే సారా మీద ఆడవాళ్లు లేచారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది. మా దిక్కు అంతకుముందే అన్నలు, అంటే నక్సలైట్లు, సారా బంద్ పెట్టించారు. కొన్నాళ్లు ఆగింది, కొన్నాళ్లు చాటుమాటుగా నడిచింది. చివరికి 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది.

ఆ నెలలోనే దసరాకు ఇంటికి వెళ్లాను. ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అవ్వ గోడకు సున్నం వేసి ఉంది. దీపాలు పెట్టే వేళయింది. బాపు చేనుకాడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. ఆ వేళకు ఆయన ఇంట్లో ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. ఆయనకూ ఏం చేయాలో తోచలేదు. కాసేపు గొంగడి దులిపాడు. కాసేపు ఎడ్ల దగ్గరికి వెళ్లి వచ్చాడు. చేతులు కొంచెం వణుకుతున్నాయి. అవ్వ చేటలో పల్లికాయలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక్క మాట అనలేదు. బాపు వలవడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం చేటెడు కాయలు వలిచాం. అన్నం వేళకు వణుకు తగ్గింది. "హన్మకొండల ఏం సదువుతున్నవు బిడ్డా?" అని అడిగాడు. అప్పటికి నేను డిగ్రీలో చేరి రెండేళ్లు దాటింది. ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.

1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. కల్లుకు మినహాయింపు ఉండేది. పండుగలకు బాపు కల్లు తాగేవాడు, దాని మీద అవ్వకు పేచీ లేదు. ఆ మూడున్నరేళ్లలో మా ఇల్లు మారింది. గడ్డి కప్పు పోయి పెంకలు వచ్చాయి. బర్రెను కొన్నారు. చిన్నన్న ఐటీఐ ఫీజు అప్పు లేకుండా కట్టారు. మా ఊళ్లో ఒక్క ఏడాదిలో ఎన్ని ఇళ్లకు పెంకలు పడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలను. పల్లె పచ్చబడటమంటే ఏమిటో నేను చూసింది అప్పుడే.

బొక్కసం మాత్రం ఖాళీ అయింది. అదీ చెప్పాలి. 1996లో చంద్రబాబు ప్రభుత్వం రెండు రూపాయల బియ్యాన్ని మూడున్నర చేసింది. 1997లో మద్యనిషేధం ఎత్తేసింది. సారా రాలేదు, దాని బదులు చీప్ లిక్కర్ వచ్చింది. ప్రభుత్వం నడవాలంటే డబ్బు కావాలి, నేను కాదనను. నేనూ 1996 డీఎస్సీలో టీచర్‌నయ్యాను, నా జీతం ఆ ఖజానా నుంచే రావాలి. కానీ లోటు పూడ్చడానికి అన్ని దారుల్లో మా అవ్వ పొయ్యి దగ్గరికి వచ్చే దారినే ఎందుకు ఎంచుకుంటారన్నదే నా బాధ. బాపు మళ్లీ మొదలుపెట్టాడు. మునుపటంత కాదు. ఎనుమాముల పోయిన రోజున, మిరపకాయల కాంటా అయ్యాక, తూకం వేసే దడువాయికీ హమాలీకీ పోగా మిగిలిన పైసలు చేతిలో పడ్డాక. ఆ రాత్రి తక్‌పట్టీ డబ్బాలోకి వెళ్లేది. క్వార్టర్ సీసా లెక్క గోడ మీదికి వెళ్లేది.

కరెంటు గురించి కూడా ఒక మాట. ఎన్టీఆర్ కాలంలో మోటారుకు హెచ్‌పీకి ఏడాదికి 50 రూపాయల లెక్కన కట్టిన రశీదులు డబ్బాలో ఉన్నాయి. ఆ కరెంటు వచ్చేది అర్ధరాత్రి. బాపు టార్చిలైటు పట్టుకుని చేనుకు వెళితే అవ్వ తెల్లవార్లూ పడుకునేది కాదు. వోల్టేజీ చాలక మోటారు కాలితే పరకాలలో వైండింగ్ చేయించడానికి అయ్యే ఖర్చు ఏడాది కరెంటు బిల్లుకు ఎన్ని రెట్లో. 2000లో చార్జీలు పెంచితే బషీర్‌బాగ్ కాల్పుల దాకా వెళ్లింది. 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది, 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. బాపు ఆ రెండోది చూడలేదు. పొద్దుగూకిన తర్వాత చేనుకు పోనక్కర లేని రైతు జీవితం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియకుండానే పోయాడు.

తెలంగాణ ఉద్యమం నడిచినన్నాళ్లూ మా ఇంట్లో అదే మాట. 2011లో సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు. నేనూ బడి బంద్ చేసి టెంట్లలో కూర్చున్నాను. ఆ దసరాకు ఇంటికి వెళితే, బాపు టీవీ చూస్తూ అడిగాడు.

"నీళ్లు, నిధులు, నియామకాలు అంటున్నరు గదా. నీళ్లు ఎర్కే, కొలువులు ఎర్కే. నిధులంటే ఏంది బిడ్డా?"

"మనం కట్టే పన్నులే బాపు. మన పైసలు మన తాననే ఖర్చు పెట్టాలని."

ఆయన డబ్బా దిక్కు చూశాడు. "గవన్నీ ఉన్నయి గదా మన తాన."

అప్పుడు నాకు ఫజల్ అలీ నివేదిక గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను. శిస్తు, ఆబ్కారీ, 5 కోట్లు, మిగులు, అన్నీ. బాపు చాలాసేపు మాట్లాడలేదు. టీవీ చప్పుడు తగ్గించమన్నాడు.

"అంటే నేను తాగింది గూడ నిధులల్లనే పడ్డదా?"

"పడ్డది బాపు."

"దానికి రశీదు ఎవలియ్యలే" అన్నాడు.

పొయ్యి దగ్గరున్న అవ్వ విన్నది. గోడ దిక్కు చూసింది. అప్పటికి అది సిమెంటు గోడ, రంగు వేసి ఉంది.

బాపు మాట నన్ను వదలదు. రశీదు ఉన్న పన్ను కట్టినందుకు ఆయన సర్పంచ్ బల్ల ముందు నిలబడగలిగాడు. దానికి పదింతలు కట్టి కూడా, రశీదు లేనందుకు, ఎవరినీ ఏమీ అడగలేకపోయాడు. పైగా తలొంచుకుని నడిచాడు.

ఇప్పుడు నేను హనుమకొండలో ఉంటున్నాను. ఇంటి పన్ను ఏప్రిల్ నెలాఖరులోపు కడితే ఐదు శాతం తగ్గింపు. ఏటా మొదటి వారంలోనే కడతాను, బాపు అలవాటే నాకూ వచ్చింది. 2020 ఆగస్టు వానలకు మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. నాలా వెడల్పు ఎంతుండాలో, ఎంత మిగిలిందో అందరికీ తెలుసు. బియ్యం బస్తాలు మంచం మీదికి ఎక్కించుకుని, పుస్తకాలు తడిచిపోతుంటే చూస్తూ నిలబడ్డాం. నీళ్లు తీశాక రశీదు పట్టుకుని వెళ్లాను. నాకు ఒక కిటికీ చూపించారు, అక్కడి నుంచి ఇంకో కిటికీ. బాపుకు మూడు రోజుల్లో బుగ్గ వెలిగింది. నాకు ఇంకో మూడు వానాకాలాలు గడిచినా ఆ సందు తీరు మారలేదు. 2023 జూలైలో మళ్లీ అదే గతి. పన్ను పెంచితే కడతాను, నాకు అభ్యంతరం లేదు. నీళ్లు ఇంట్లోకి రాకుండా చూడండి చాలు.

ఇక పెట్రోలు, మద్యం. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చినా ఈ రెండూ దాని బయటే ఉన్నాయి. రాష్ట్రానికి తన చేతిలో పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి మిగిలిన పెద్ద పన్నుల్లో ఇవి ముఖ్యమైనవి. తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలు. రెండేళ్లకోసారి లాటరీ. 2023లో 2 లక్షలున్న దరఖాస్తు రుసుము 2025లో 3 లక్షలైంది. దుకాణం తగలకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. తెలంగాణ వచ్చాక తాటిచెట్ల పన్ను ఎత్తేశారు, గీత కార్మికులకు అది మేలు. కానీ ఊళ్లో కిరాణా కొట్టు వెనక బెల్టు షాపు లేని పల్లెను నేను ఈమధ్య చూడలేదు. ఏ పార్టీ ఉన్నా ఇదే తీరు. సోమవారం బడికి వచ్చిన పిల్లల ముఖాలు చూస్తే ఆదివారం ఎవరింట్లో ఏం జరిగిందో టీచర్లకు చెప్పనక్కర లేదు. హోంవర్క్ ఎందుకు చేయలేదని అడగడం మానేసి చాలా ఏళ్లయింది. మధ్యాహ్నం అన్నం వడ్డించేటప్పుడు ఆ పిల్లలకు గుడ్డు ముందుగా వేయమని చెబుతాను.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఇంటి పన్ను ఎవరు ఎంత బాకీ ఉన్నారో పంచాయతీలో పేరుపేరునా రాసి ఉంటుంది. అదే గోడ మీద, ఈ ఊరి నుంచి మద్యం మీద ఏడాదికి ఇంత వెళ్లింది, ఈ ఊరికి ఇంత తిరిగి వచ్చింది అని రాయండి. మా అవ్వ చదువు రాకుండానే రాసిన లెక్క అది. సర్కారుకు కంప్యూటర్లున్నాయి.

డబ్బా విషయం పూర్తి చేయాలి. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగింది. ఆ తర్వాత వచ్చిన కొత్త పాసు పుస్తకంలో మా చెలక పన్నెండు గుంటలు తగ్గింది. 2018 మేలో ఎకరాకు 4 వేల చొప్పున రైతుబంధు చెక్కులు వచ్చినప్పుడు ఆ పన్నెండు గుంటలకు రాలేదు. ఆ డబ్బు ఎంతని కాదు, అవ్వకు టెన్షన్ పట్టుకుంది, భూమే పోయిందేమోనని. ఆఫీసుకు వెళితే మీసేవకు, మీసేవకు వెళితే ఆఫీసుకు. భూరికార్డుల ధరణి పోర్టల్ వచ్చాక అందులో మా సమస్యకు సరిపోయే గడి లేదన్నారు. చివరికి పెద్దన్న డబ్బా తెరిచి శిస్తు రశీదులు ఒక్కొక్కటీ మంచం మీద పరిచాడు. 1970ల నాటి రశీదులో సర్వే నంబరు పక్కన చిన్నగా దాని ఉపవిభాగం చెప్పే బై నంబరు ఉంది. కొత్త రికార్డులో ఎగిరిపోయింది అదే. రశీదు చూపించినంత మాత్రాన భూమి మీదేనని ఎవరూ ఒప్పుకోరు, కానీ ఏ ఏటి పహాణీ నకలు అడగాలో దాంతో తెలిసింది. పాతకాలపు ఖాస్రా పహాణీ దాకా తీయించాం. మూడేళ్లు తిరిగితే పన్నెండు గుంటలు పుస్తకంలోకి వచ్చాయి. ఆ రోజు అవ్వ డబ్బాను తుడిచి దేవుని గూట్లో పెట్టింది.

మొన్న ఊరికి వెళ్లాను. 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు, ఉచితంగా. అవ్వ చేటలో పోసి వేళ్ల మధ్య నుంచి జార్చి చూపించింది. "మీ బాపుంటే తినేటోడు" అంది. ఆమెకు పండ్లు లేవు, మెత్తగా వండుకుని పెరుగన్నం తింటుంది. వేలిముద్ర పెట్టాక మిషన్‌లోంచి వచ్చే చీటీ కూడా తెచ్చుకుంటుంది, రేషన్ డీలర్ ఇవ్వకపోతే నిలబడి అడిగి మరీ తెచ్చుకుంటుంది. అవన్నీ బాపు డబ్బాలో దాస్తోంది.

"నువ్వు సదువుకున్నదానివి, ఇది సూడు బిడ్డా" అని ఒక మడత నా చేతికిచ్చింది. మొదట్లో బియ్యం ఇచ్చిన నెల చీటీ. విప్పి చూశాను. అక్షరాలు పోయి ఉత్త తెల్ల కాగితం మిగిలింది. దాని కిందనే నలభై ఏళ్ల నాటి ఇంటి పన్ను రశీదు ఉంది, కారోబార్ నాలుక మీద తడి చేసి రాసిన ఊదా అంకెలు చెక్కు చెదరలేదు.

"గిదేంది, అన్ని చీటీలూ గిట్లనే అయితున్నయి" అంది అవ్వ. "నువ్వు వచ్చినప్పుడల్లా నోటుబుక్కుల ఎక్కించి పో."

సంచిలోంచి పెన్ను తీసి, ఇంకా అక్షరాలు కనపడుతున్న వాటిని ఒక్కొక్కటీ చదువుతూ రాయడం మొదలుపెట్టాను.